మూడు గాజులు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవడు లెక్కల పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. ఆరో తరగతి. సెలవులకి వచ్చినవాడు కదా, నాలుగు రోజులు ఆడుకోనివ్వకూడదూ? వాళ్ళ బళ్ళో సెలవులకి కూడా పని కట్టి పంపిస్తారు.

"అమ్మమ్మా, ఈ లెక్క చెప్పవూ?" అన్నాడు.

చూశాను. ఒకతను తన దగ్గరున్న డబ్బులో సగం ఖర్చు పెట్టాడు. మిగిలినదాన్లో మూడోవంతు మళ్ళీ ఖర్చు పెట్టాడు. చివరికి 40 రూపాయలు మిగిలాయి. మొదట అతని దగ్గర ఎంతుంది?

జవాబు నా నాలిక చివరికి వచ్చేసింది. ముప్పై ఆరేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని. నోట్లోకొచ్చిన జవాబుని ఆపుకోవడమంటే పొంగుతున్న పాలని ఉఫ్‌మని ఊది ఆపడం లాంటిది. అయినా ఆపుకున్నాను. ఎడమచేతి గాజుల్లో ఒకటి మెల్లిగా పైకి తోశాను. తరవాత రెండోది. తరవాత మూడోది. అప్పుడు, "నీకేమనిపిస్తోందిరా?" అన్నాను.

పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న మావారు పేపరు దించకుండానే, "మొదలైంది గాజుల పురాణం" అన్నారు.

"నీకు రాదా ఏంటి? టీచరువి గదా! ఫోన్లో అడిగితే ఒక్క సెకన్లో చెప్పేస్తుంది" అని బెదిరించాడు మనవడు.

"చెప్తుంది. అప్పుడు ఫోనుకి లెక్కలొచ్చినట్టు, నీకు కాదు" అన్నాను.

వాడు మూతి ముడుచుకుని పుస్తకం తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. వాడు తిరిగొచ్చేలోపు ఈ గాజుల సంగతి మీకు చెప్పేస్తాను. ఇంట్లో అందరూ నవ్వుకునే అలవాటే గానీ, దాని వెనకాల నవ్వులాట ఏమీ లేదు.

నేను 1976లో ఉద్యోగంలో చేరాను. కృష్ణాజిల్లాలో ఓ పల్లెటూరు. ఒకటి నుంచి ఏడు దాకా ఉన్న అప్పర్ ప్రైమరీ బడి. అప్పట్లో నా గొంతు సంగతి ఊరంతా చెప్పుకునేవాళ్ళు. నేను ఏడో తరగతిలో లెక్కలు చెప్తూంటే మూడో తరగతి పిల్లలు ఎక్కాలు ఆపేసి వినేవాళ్ళు. చెరువు గట్టున బట్టలుతుక్కునే ఆడవాళ్ళకి కూడా బారువడ్డీ వచ్చేసిందని మా హెడ్మాస్టరుగారు హాస్యమాడేవారు. పిల్లలు నాకు పెట్టిన పేరు "మైకు టీచరు". ఆ సంగతి నాకు తెలీదని వాళ్ళనుకునేవాళ్ళు. తెలిసి లోపల్లోపల మురిసిపోతున్నానని వాళ్ళకి తెలీదు.

మరి మురిసిపోనూ? నా అంత కష్టపడి చెప్పేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరని నా నమ్మకం. ఒక్కో లెక్క బోర్డు మీద మూడుసార్లు చేసేదాన్ని. మాదిరి లెక్కలన్నీ నోట్సు చెప్పి రాయించేదాన్ని. అవి తెల్లారగట్ట లేచి బట్టీ పట్టాలి. పదిగంటలకి నాకు అప్పచెప్పాలి. లెక్కలు అప్పచెప్పడమేమిటని అడక్కండి. అప్పచెప్పేవాళ్ళు! "కొన్నవెల 200 రూపాయలు, అమ్మినవెల 250 రూపాయలు, కాబట్టి లాభము 50 రూపాయలు, కాబట్టి లాభశాతము 25" అని రాగం తీసి, తలలూపుకుంటూ అప్పచెప్పేవాళ్ళు. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. చెవులకి ఎంత హాయిగా ఉండేదో.

అలాంటి రోజుల్లో, 1983లో, నా తరగతిలో ఒక పిల్ల ఉండేది. పేరెందుకు లెండి. సన్నగా, రెండు జడలు మడిచి కట్టుకుని వచ్చేది. ఎప్పుడూ రెండో వరసలో కూచునేది. చెప్పిందల్లా రాసుకునేది, రాసుకున్నదల్లా అప్పచెప్పేది. ఒక్క ప్రశ్న అడిగి నన్ను విసిగించిన పాపాన పోలేదు. నా లెక్కప్రకారం అంతకంటే మంచి పిల్ల ఉండదు.

అప్పట్లో ఏడో తరగతికి జిల్లా అంతటికీ కలిపి కామన్ పరీక్ష ఉండేది. ఆ పరీక్షలో ఆ పిల్ల లెక్కల్లో తప్పింది. నాలుగంటే నాలుగే మార్కుల్లో పోయింది.

నాకు మతిపోయింది. ప్రశ్నపత్రం ముందు పెట్టి, "ఈ లెక్కకి ఏం రాశావే?" అన్నాను. ఒక గడియారాన్ని 360 రూపాయలకి అమ్మితే 20 శాతం లాభం వచ్చింది, కొన్నవెల ఎంత అని ఆ లెక్క. పిల్ల చేతులు కట్టుకుని, తల ఊపుతూ, "కొన్నవెల 200 రూపాయలు, అమ్మినవెల 250 రూపాయలు..." అని మొదలెట్టింది. నేను చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాసొచ్చింది.

వాళ్ళ నాన్న ఆ వేసవిలోనే బడి మానిపించేశాడు. "ఆడపిల్ల, ఆపైన చదువు అబ్బలేదు, ఇంకెందుకండీ" అన్నాడు. నేను వాళ్ళింటికి వెళ్ళి చెప్పి చూశాను. ఒకసారి చూశాను. రెండోసారి వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద నాకు కోపంగా కూడా ఉంది. ఇంత కష్టపడి చెప్తే ఇలా చేసిందేమిటి అని! ప్రశ్న తిప్పి ఇచ్చినవాళ్ళని తిట్టుకున్నాను. చదివించని తండ్రిని తిట్టుకున్నాను. నన్ను నేను ఒక్క మాట అనుకున్న గుర్తు లేదు. "నేను చెప్పాల్సింది చెప్పాను" అన్న మాట ఉంది చూశారూ, టీచర్లకి అంతకంటే మెత్తటి దిండు లేదు. తల పెట్టుకుంటే చాలు, నిద్ర పట్టేస్తుంది.

ఏడేళ్ళు హాయిగా నిద్రపోయాను.

1990లో ఒక సాయంత్రం సంతలో వంకాయలు బేరమాడుతున్నాను. కిలో అయిదంటోంది. నాలుగుకివ్వమన్నాను. "అయిదుకి అమ్మితేనే గదండీ టీచరుగారూ నాకు రూపాయికి పావలా మిగిలేది. నాలుగుకిస్తే కొన్నదానికే ఇచ్చినట్టు" అంది. టీచరుగారూ అన్నందుకు తలెత్తి చూశాను. ఆ పిల్లే. చంకలో ఒక బిడ్డ. మనిషి కాస్త ఒళ్ళు చేసింది గానీ, అవే కళ్ళు. నన్ను గుర్తుపట్టి, వద్దంటున్నా రెండు వంకాయలు ఎక్కువేసింది. ఈలోపు పక్కన ముగ్గురికి మూడు రకాల కూరలు తూచి, ముప్పావుకిలోకింత, పావుకింత అని నోటితోనే కూడి, చిల్లర తిరిగిచ్చింది. ఒక్క కాగితం లేదు, పెన్సిలు లేదు.

ఇంటికొచ్చి కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరుగుతూండగా తట్టింది నాకు. అయిదుకి అమ్మితే రూపాయికి పావలా లాభం, కొన్నది నాలుగుకి. అమ్మినవెల, లాభశాతం తెలుసు, కొన్నవెల ఎంత? అదే లెక్క! గడియారం బదులు వంకాయలు, అంతే తేడా. ఆ పిల్లకి లెక్కలు రాకపోవడమేమిటి? నేను నేర్పిన లెక్కలే రాలేదు. అవి లెక్కలు కావు గనక రాలేదు.

చాలా కాలం తరవాత చదివాను. బ్రెజిల్ దేశంలో, రెసీఫె అనే ఊళ్ళో, బజార్లో కొబ్బరికాయలూ పళ్ళూ అమ్ముకునే పిల్లల్ని పరీక్షించారట. బేరం మధ్యలో అడిగిన లెక్కలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని బళ్ళోలాగా అంకెలేసి కాగితం మీద పెట్టి చెయ్యమంటే సరిపోయినవి నూటికి 37. అది చదివిన రాత్రి మావారికి చూపించి, "మన ఊరి సంతలోకి వచ్చినా తెలిసేది కదండీ వీళ్ళకి" అన్నాను.

సరే, తట్టింది. తడితే మాత్రం మారిపోయానా? మర్నాడు మళ్ళీ సుద్దముక్క, మళ్ళీ మైకు. అలవాటనేది అంత తేలిగ్గా వదులుతుందా? నన్ను మార్చింది జ్ఞానోదయం కాదు. గొంతు నెప్పి.

1991 సంక్రాంతి సెలవులయి బడి తెరిచేసరికి నా గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు, శొంఠి కషాయం, తమలపాకు రసం అన్నీ అయ్యాయి. లాభం లేక విజయవాడ వెళ్ళి గొంతు డాక్టరుకి చూపించుకున్నాం. గొంతులో స్వరతంతువుల మీద చిన్న చిన్న కాయల్లాంటివి వచ్చాయన్నాడు. పాటలు పాడేవాళ్ళకీ, టీచర్లకీ, ఊరికే అరిచేవాళ్ళకీ వస్తాయట. మూడువారాలు ఒక్క మాట మాట్లాడకూడదన్నాడు. "పోనీ గుసగుసగా?" అని గుసగుసగానే అడిగాను. గుసగుసలాడితే గొంతుకి ఇంకా శ్రమట. అదీ వద్దన్నాడు. బయటికొచ్చాక మావారు డాక్టరుగారికి ఇంకో పదిరూపాయలు ఎక్కువిచ్చినా తప్పు లేదన్నారు. తిరిగి ఏమైనా అందామంటే నోరు తెరవకూడదాయె!

సెలవు పెడదామంటే మరో టీచరు అప్పటికే ప్రసవం సెలవులో ఉంది. ఏప్రిల్లో కామన్ పరీక్ష. హెడ్మాస్టరుగారు, "వచ్చి కూర్చోండమ్మా చాలు, మిమ్మల్ని చూసైనా గోల చెయ్యకుండా ఉంటారు" అన్నారు.

నన్ను చూసి గోల చెయ్యకపోవడం ఒక్కరోజు కూడా జరగలేదు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో చిన్నపిల్లల బడి నడిపిన గిజుభాయి బధేకా గారు "దివాస్వప్న" అని ఒక పుస్తకం రాశారు. అందులో టీచరు మొదటిరోజున ఎంతో ముచ్చటపడి తలుపులూ కిటికీలూ మూయించి పిల్లలచేత మౌనం ఆట ఆడించబోతాడు. ఒకడు పిల్లికూత, ఒకడు కుక్క అరుపు, క్లాసంతా గందరగోళం. ఆ పుస్తకం నేను తరవాత ఎప్పుడో చదివి, అయ్యో నా కథేననుకున్నాను. మొదటి రోజు నేను బల్ల మీద బెత్తంతో కొట్టీ కొట్టీ చెయ్యి నెప్పెట్టి, ఇంటికొచ్చి ఏడ్చాను. గొంతు రాకుండా ఏడవడం ఎంత కష్టమో మీకు తెలీదు.

మూడోరోజున, ఏం చెయ్యాలో తోచక, బోర్డు మీద వంకాయల లెక్క రాశాను. "కిలో 5 రూపాయలకి అమ్మితే 25 శాతం లాభం. కొన్నది ఎంతకి?" కింద రాశాను: "నేను చెప్పలేను. ముగ్గురు ముగ్గురు కూర్చుని మీరే ఆలోచించండి. చింతగింజలు వాడుకోవచ్చు."

కాసేపు ఎవరూ కదల్లేదు. నేను జవాబు రాస్తానేమోనని బోర్డు వైపే చూస్తూ కూర్చున్నారు. వాళ్ళనని ఏం లాభం? ఏడేళ్ళపాటు మేం నేర్పింది అదే కదా, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చోవడం! తరవాత ఒక మూల నుంచి గింజల చప్పుడు మొదలైంది. ఆ తరవాత కీచులాటలు.

ముందు బెంచీ క్లాసు లీడరు లేచాడు. ఎప్పుడూ ముందు చెయ్యెత్తేది వాడే. "అయిదు రూపాయల్లో 25 శాతం రూపాయి పావలా. అయిదులోంచి తీసేస్తే మూడు ముప్పావు. కొన్నది మూడు రూపాయల ముప్పావలాకి" అని గర్వంగా నావైపు చూశాడు.

తప్పు. మామూలుగా అయితే వాడి నోట్లో మాట నోట్లో ఉండగానే, "తప్పు! కూర్చో" అని అరిచి, సుద్దముక్క తీసుకుని సరైంది చేసేసి, అరనిమిషంలో తరవాత లెక్కకి వెళ్ళిపోయి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ దారి లేదు. పెదిమలు బిగపట్టుకుని కూర్చున్నాను. అవునని తల ఊపలేదు, కాదనీ ఊపలేదు. క్లాసంతా నా మొహంలోకి చూసింది. మొహంలో ఏమీ దొరక్కపోయేసరికి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోవడం మొదలెట్టారు.

అప్పుడు చివరి బెంచీలోంచి ఒక పిల్ల గొంతు వినిపించింది. ఎంత చిన్న గొంతంటే, నేను మాట్లాడుతున్న రోజుల్లో అయితే వినబడే వీలే లేదు. "మూడు ముప్పావుకి కొన్నామనుకో. దానిమీద పావు వంతు లాభం. మూడు ముప్పావులో పావు వంతు రూపాయి కూడా ఉండదు గదా! మరి అయిదెలా అవుతుంది?" అంది.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎంత చక్కటి మాట! కాగితం మీద లెక్కే చెయ్యలేదు. తప్పెక్కడుందో ఊహతో పట్టుకుంది. క్లాసు లీడరు తల గోక్కున్నాడు. మళ్ళీ గింజలు. పది నిమిషాలకి మూడు జట్లు నాలుగు రూపాయలని తేల్చాయి, అదీ మూడు రకాలుగా. ఒక జట్టు గింజల్ని అయిదు కుప్పలుగా పెట్టి, ఒక కుప్ప లాభం, నాలుగు కుప్పలు అసలు అని చూపించింది. నేను పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా అలా చెప్పలేదు. నాకు తెలీదు గనక చెప్పలేదు.

ఆ పిల్ల రెండేళ్ళ బట్టీ నా క్లాసులోనే ఉంది. ఆ గొంతు నేను వినడం అదే మొదలు.

మూడువారాలయ్యాక గొంతొచ్చింది. దాంతోపాటు పాత బుద్ధీ వచ్చింది. వారం తిరక్కుండా మళ్ళీ నేనే అడగడం, నేనే చెప్పడం. ఇలా కాదని ఒక ఏర్పాటు చేశాను. క్లాసులో ఒక పిల్లకి రెండు డబ్బాలిచ్చి, నేను ప్రశ్న అడిగినప్పుడల్లా ఈ డబ్బాలో ఒక చింతగింజ వెయ్యి, జవాబు నేనే చెప్పేస్తే ఆ డబ్బాలో కూడా ఒకటి వెయ్యి అన్నాను. పీరియడ్ అయ్యాక లెక్కపెట్టాం. అడిగినవి 26. నేనే చెప్పేసినవి 19. పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఆ రాత్రి పాలవాడి పద్దుల పుస్తకం వెనకవైపు నుంచి రాయడం మొదలెట్టాను. ఇవాళ ఏం చెప్పాను, పిల్లలు ఏం చేశారు, నేను చెప్పకపోయినా జరిగిపోయేది ఏది అని రోజూ నాలుగు ముక్కలు. రాస్తూ పోతే నా సంగతులు నాకే తెలిసొచ్చాయి. ఎప్పుడూ ముందు బెంచీలో ఆ నలుగుర్నే అడుగుతానని తెలిసింది. ఆడపిల్లలు తప్పు చెప్తే "సరేలే కూర్చో" అంటాను, మొగపిల్లలు తప్పు చెప్తే "మళ్ళీ ఆలోచించు" అంటాను. ఈ సంగతి ఎవరన్నా నాతో అంటే పోట్లాడి ఉండేదాన్ని. నా దస్తూరీలోనే ఉంటే ఎవరితో పోట్లాడను?

అప్పట్లో మన రాష్ట్రంలో బ్రిటిష్ ప్రభుత్వం సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అని ఒకటి నడిచేది. పిల్లలచేత చేయించి నేర్పండి, జట్లుగా కూర్చోబెట్టండి, చుట్టుపక్కల దొరికే వస్తువులే వాడండి, పిల్లలు చేసినవి గోడలకి తగిలించండి అని చెప్పేవాళ్ళు. టీచర్లందరం ఒకచోట చేరి మాట్లాడుకోడానికి టీచర్ల కేంద్రాలు పెట్టారు. నేను ఆ మీటింగులకి ఊలూ సూదులూ తీసుకెళ్ళేదాన్ని. మా పెద్దవాడి స్వెట్టరు సగం అక్కడే అయింది. గొంతు పోయొచ్చాక వెళ్ళిన మీటింగుకి మాత్రం ఊలు తీసుకెళ్ళలేదు. పాలవాడి పుస్తకం తీసుకెళ్ళి, లేచి నిలబడి, 26, 19 సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. కానీ టీ తాగేటప్పుడు ఇద్దరు ముగ్గురు పక్కకి పిలిచి, "మేమూ అంతే లెండి" అన్నారు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన ఒక సంగతి చెప్పారు. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో క్లాసుల్లో టేపురికార్డర్లు పెట్టి చూసిందట. టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను! అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయట. నోరు మెదపనివాళ్ళు తగ్గారట. మొద్దులనుకున్న పిల్లలు కూడా మాట్లాడారట. మూడు సెకన్లంటే ఎంత? నేను అక్కడికక్కడే గాజులు ఒకటొకటే పైకి తోసి చూసుకున్నాను. నిదానంగా తోస్తే మూడు గాజులకి సరిపోయింది. అదీ అమ్మా, గాజుల పురాణం.

ఇదంతా చదివి, పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే అన్నీ అవే వస్తాయి కాబోలు అనుకునేరు! నేనూ అలాగే అనుకుని ఒక ఏడాది పప్పులో కాలేశాను. ఎక్కాలు రాని పిల్లని చింతగింజల దగ్గర కూర్చోబెట్టి "నువ్వే ఆలోచించు" అంటే అది స్వేచ్ఛ కాదు, నిర్దయ. కొన్ని చెప్పి తీరాలి. అక్షరాలు ఎవరూ ఊహించి కనిపెట్టలేరు. కాకరపాదుకి పందిరి వెయ్యకపోతే నేలమీద పడి కుళ్ళిపోతుంది. పందిరి వేశాక మాత్రం తీగని పట్టుకుని పైకి లాగకూడదు. ఎక్కడ పందిరి వెయ్యాలో, ఎక్కడ చేతులు కట్టుకుని నిలబడాలో ఏ ట్రైనింగులోనూ పూర్తిగా చెప్పలేరు. ఆ పిల్లని చూసి, ఆ పూట తేల్చుకోవాలి. సగం సార్లు తప్పుతాం. తప్పింది రాసుకుంటే రేపు కాస్త తక్కువ తప్పుతాం.

ఆ ఏడు ఫలితాలు ఎలా వచ్చాయంటారా? గొప్పగా ఏమీ రాలేదు. ఇద్దరు తప్పారు. "నోట్సు మానేశారు, అందుకే" అన్నారు హెడ్మాస్టరుగారు. అది అబద్ధమని నేను గట్టిగా చెప్పలేకపోయాను. అయితే ఈసారి ఆ ఇద్దరి ఇళ్ళకీ ఒక్కసారి వెళ్ళి ఊరుకోలేదు. వేసవంతా తిరిగాను. ఇద్దరూ మళ్ళీ రాశారు.

2000లో మా బళ్ళో ఏడో తరగతిలో ఒక పిల్ల చేరింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన తల్లిని చూసి నేను కుర్చీలోంచి లేచాను. వంకాయలమ్మాయి. 1983 పిల్ల.

"దీనికి లెక్కలంటే భయమండీ. మీరు గట్టిగా చెప్తారు గదా, బుర్రకెక్కేలా చెప్పండి. నాకెలాగూ రాలేదు" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి అడిగాను, ఒకరోజు మా క్లాసుకొచ్చి నువ్వు కూరల లెక్కలు ఎలా కడతావో పిల్లలకి చెప్పవూ అని. ఆవిడ సిగ్గుపడి చచ్చిపోయింది. "నేనేమిటండీ, బళ్ళోకొచ్చి చెప్పడమేమిటండీ" అంది. మూడుసార్లు వెళితే ఒప్పుకుంది.

శనివారం మధ్యాహ్నం తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, తక్కెడతో సహా వచ్చింది. పిల్లలు కొన్నారు, ఆవిడ అమ్మింది. నోటితో లెక్కలు ఎలా కడుతోందో చెప్పింది. చివర్లో నేను బోర్డు మీద ఒక లెక్క రాశాను. పిల్లల కోసమే అనుకుని రాశాను. ఒక గడియారాన్ని 360 రూపాయలకి అమ్మితే 20 శాతం లాభం. కొన్నవెల ఎంత?

ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది. "నూరుకి ఇరవై అంటే, నూరు పెడితే నూట ఇరవై వస్తుందన్నమాట. మూడు నూట ఇరవైలు మూడొందల అరవై. మూడు నూర్లు పెట్టాలి. మూడొందలు" అంది. అని, బోర్డు వైపు ఇంకా చూస్తూనే ఉంది.

"గడియారం లెక్క గదండీ ఇది?" అంది మెల్లిగా. పదిహేడేళ్ళయింది. మర్చిపోలేదు.

అవునన్నాను.

"ఇదా! ఇది నాకొచ్చే ఉందన్నమాట. మరి లెక్కలు రావనే గదండీ నన్ను బడి మానిపించింది?" అంది నవ్వుతూ. నవ్వుతూనే అంది. అందుకే నాకు మరీ కష్టమనిపించింది.

క్లాసంతా నావైపు చూస్తోంది. వాళ్ళమ్మాయి కూడా. నేను ఒక గాజు తోశాను. రెండోది తోశాను. మూడోదీ తోశాను. ఇన్నాళ్ళూ పిల్లల జవాబు కోసం తోసిన గాజులు, ఆరోజు నా జవాబు కోసం తోశాను.

"నీకు లెక్కలు వచ్చమ్మా. నాకే చెప్పడం రాలేదు" అన్నాను. పిల్లలందరి ముందూ అన్నాను.

ఆవిడ "అయ్యో, అంత మాటెందుకండీ" అంటూ తక్కెడ సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ నా బల్ల మీద నాలుగు వంకాయలు పెట్టింది. మర్నాటి నుంచి వాళ్ళమ్మాయి రెండో వరసలోంచి చెయ్యెత్తి ప్రశ్నలడిగి నన్ను విసిగించడం మొదలెట్టింది.

నేను 2012లో రిటైరయ్యాను. పాలవాడి పుస్తకాలు ఇంకా అటక మీద ఉన్నాయి. గోల చెయ్యకుండా అటక సర్దమని మావారు అడిగినప్పుడల్లా, అవి తప్ప ఏమైనా పారెయ్యండంటాను.

ఇదిగో, మనవడు వచ్చేశాడు. "240 రూపాయలు!" అని పుస్తకం నా ఒళ్ళో పడేశాడు.

తప్పు. ఒక గాజు. రెండు. మూడు.

"ఎలా చేశావో చెప్పు, నాకూ తెలుస్తుంది" అన్నాను.

"240లో సగం ఖర్చు, 120 మిగిలింది. అందులో మూడోవంతు 40 ఖర్చు. అప్పుడు మిగిలింది..." అని ఆగిపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఎనభయ్యా? నలభై గదా మిగలాల్సింది! ఉండు, ఉండు, చెప్పకు" అంటూ పుస్తకం లాక్కుని మళ్ళీ వరండాలోకి పరుగెత్తాడు.

మావారు ఈసారి పేపరు దించి, "ఏం చెప్పావేమిటి వాడికి? అంత హుషారుగా పరుగెత్తాడు" అన్నారు.

"నేనేం చెప్పలేదండీ" అన్నాను.